ఇంటికి బుద్ధుడు: పాతదా, పాతగా కనిపించేదా, కొత్తగా చెక్కించుకునేదా?

"రెండొందల ఏళ్ళ నాటిది సార్, ఎక్కడా దొరకదు" అని షాపతను విగ్రహం చేతిలో పెట్టాడంటే రెండే అవకాశాలు. అది అబద్ధమైతే మీ డబ్బు పోతుంది. నిజమైతే, కాగితాలు లేకుండా కొన్నందుకు రేపు మీరు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఇంటి అలంకరణ కోసం బుద్ధుడి విగ్రహం కొనేవాళ్ళలో చాలామంది ఈ సంగతి ఆలోచించరు. సోఫా రంగుకు నప్పుతుందా లేదా అన్నదగ్గరే ఆగిపోతారు.

"ఎంత పాతది?" అన్నది అందరూ ముందు అడిగే ప్రశ్న. నా లెక్కలో అది చివరి ప్రశ్న. పూర్తి విగ్రహమా, ముక్కా? ఎవరి చేతి పని? ఏ దారిలో మీ దాకా వచ్చింది? ముందు ఇవి తేలాలి. ఈ మూడింటికీ సరైన జవాబులు వస్తే వయసు సంగతి దానంతటదే తెలుస్తుంది. రాకపోతే ఆ విగ్రహం ఎంత పాతదైనా మీకు అక్కర్లేదు.

బజారులో దొరికేవి స్థూలంగా మూడు రకాలు: నూరేళ్ళు దాటిన అసలు పాతవి, వింటేజ్ అని పిలిచే పాతిక నుంచి తొంభై ఏళ్ళ నాటివి, కొత్తవి. పాతదనిపించేలా రంగు వేసినవి కూడా ఈ కొత్తవాటిలోనే ఉంటాయి, కాకపోతే అవి మొదటి రకం ధర అడుగుతాయి.

అసలు పాతది: ఎవరికి, ఎందుకు

మన దేశంలో పురావస్తువులు, కళాసంపద చట్టం 1972లో వచ్చింది. 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కనీసం నూరేళ్ళ నాటి శిల్పం పురావస్తువు. అది అమరావతిలో పుట్టిందా, బర్మాలోని మాండలేలో పుట్టిందా అన్నది ప్రశ్న కాదు, వయసే లెక్క. అలాంటిది ఇంట్లో ఉండటం నేరమేమీ కాదు. కానీ రాతి, లోహపు, మట్టి విగ్రహాలైతే పురావస్తు శాఖ దగ్గర రిజిస్టర్ చేయించాలి. అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. చేతులు మారితే రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం మాత్రం కుదరనే కుదరదు, పట్టుబడితే ఆర్నెల్ల నుంచి మూడేళ్ళ దాకా జైలు.

"పొలం దున్నుతుంటే బయటపడింది, మీకు కాబట్టి ఇస్తున్నా" అనే కథ మన పల్లెల్లో ఇంకా నడుస్తూనే ఉంది. పల్నాడు, కృష్ణా తీరం, నేలకొండపల్లి, ఫణిగిరి చుట్టుపక్కల నేలలో నిజంగానే బౌద్ధ శిల్పాలు దొరుకుతాయి కాబట్టి ఈ కథను నమ్మేవాళ్ళూ ఉంటారు. కథ నిజమైతే దాన్ని అమ్మే హక్కు దొరికినవాడికి లేదు. 1878 నాటి నిధి చట్టం కింద, పది రూపాయల విలువ దాటినది ఏది భూమిలో దొరికినా కలెక్టరుకు చెప్పి తీరాలి.

ఇది ఎంత దూరం వెళుతుందో తెలియాలంటే చందవరం సంగతి చూడండి. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ స్తూపం దగ్గరి సున్నపురాతి ఫలకం ఒకటి, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులున్నది, మూడో శతాబ్దం నాటిది, దొంగతనంగా దేశం దాటింది. 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని న్యూయార్క్ వ్యాపారి దగ్గర 5,95,000 అమెరికన్ డాలర్లకు కొనుక్కుంది. ఆ ఫలకం చందవరంలో ఉండగా తీసిన ఫొటోలు బయటపడేసరికి ఇక మాట్లాడటానికేమీ మిగల్లేదు. 2016లో గ్యాలరీ దాన్ని భారత్‌కు అప్పగించింది. నిపుణులు, లాయర్లు, పరిశోధకులు అందరూ ఉన్న జాతీయ మ్యూజియమే అలా బోల్తా పడిందంటే, శనివారం సాయంత్రం షాపింగ్‌కు వెళ్ళిన మనమెంత?

కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయనీ అనుకోవద్దు. 1961లో నలందా మ్యూజియం నుంచి పద్నాలుగు విగ్రహాలు పోయాయి. అందులో ఒక కంచు బుద్ధుడు 57 ఏళ్ళ తర్వాత యూరప్‌లో ఒక కళాప్రదర్శనలో కనిపించాడు. 2018 ఆగస్టు 15న లండన్ పోలీసులు దాన్ని మన హైకమిషన్‌కు అప్పగించారు. అప్పటికి ఆ విగ్రహం ఎన్నో చేతులు మారింది. చివరగా దాన్ని దగ్గర పెట్టుకున్నవాళ్ళు దొంగలు కాకపోయినా వదులుకోవాల్సి వచ్చింది.

కాబట్టి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, దానిమీద అదే విగ్రహం ఫొటో, లైసెన్సు ఉన్న వ్యాపారి బిల్లు, ఈ మూడూ చేతికొస్తేనే అసలు పాతదాని జోలికి వెళ్ళండి. ఇంటి అందం కోసమే అయితే ఇంత టెన్షన్ అక్కర్లేదన్నది నా అభిప్రాయం. ఆ శిల్పాలు చూడాలనిపిస్తే అమరావతి, నాగార్జునకొండ, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలు ఉన్నాయి. ఒకటి రెండు గంటలు అక్కడ గడిపి వస్తే ఆ తర్వాత షాపులో ఏది మంచి పనో, ఏది నాసిరకమో కంటికే తెలిసిపోతుంది.

వింటేజ్: ఓపిక ఉంటే లాభం ఇక్కడే

వింటేజ్‌కు చట్టంలో నిర్వచనం లేదు. నూరేళ్ళ లోపు కాబట్టి పురావస్తువు చిక్కులుండవు. అదే సమయంలో ఇరవయ్యో శతాబ్దం నడిమిదాకా మాండలేలో రాయి చెక్కినవాళ్ళయినా, నేపాల్ పాటన్‌లో పోత పోసినవాళ్ళయినా చేతి పనిముట్లతోనే చేశారు. ఆ పనితనం ఇప్పుడు కొత్తగా చేయించాలంటే చాలా ఖర్చు.

తెలుగువాళ్ళకు ఇందులో ఒక సొంత దారి ఉంది. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉండేవి. 1942లో జపాన్ దాడి సమయంలో కొందరు, 1960ల్లో బర్మా ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేశాక మరికొందరు తిరిగొచ్చారు. అలాంటి ఇళ్ళలో టేకు బీరువా పక్కన జానెడు పాలరాతి బుద్ధుడు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. చుట్టాల్లో ఎవరింట్లోనైనా అలాంటిది ఉంటే షాపులు తిరగకముందు అక్కడ అడగండి. దొరికితే ఆ విగ్రహం వెనకాల కనబడే పాత పెళ్ళి ఫొటోనో, గృహప్రవేశం ఫొటోనో కూడా అడిగి ఒక కాపీ తీసుకోండి. చందవరం ఫలకం విషయంలో పని చేసిందీ అలాంటి ఫొటోలే. కాగితాలు లేని వస్తువుకు అంతకు మించిన ఆధారం దొరకదు. అయితే తాతగారు కాక ముత్తాత తెచ్చారని తేలితే మళ్ళీ నూరేళ్ళ లెక్క చూసుకోవాలి.

లోహపు విగ్రహమైతే ముఖం చూసి మురిసిపోకుండా ముందు బోర్లించండి. నేపాలీ, టిబెటన్ పద్ధతి విగ్రహాలు లోపల బోలుగా ఉంటాయి. ప్రతిష్ఠ చేసినప్పుడు లోపల మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు, ధాన్యం, ధూపద్రవ్యాలు పెట్టి అడుగున రాగి రేకుతో మూస్తారు. రేకు మధ్యలో అడ్డంగా నిలువుగా కలిసిన రెండు వజ్రాయుధాల గుర్తు గీసి ఉంటుంది. రేకు అంచులు పీఠం లోపలికి సుత్తితో కొట్టి బిగించినట్టు ఉంటే మంచి పని. జిగురుతోనో, టంకంతోనో అతికించి ఉంటే ఎవరో ఒకసారి తెరిచారని అర్థం. రేకు అసలు లేకపోయినా కొనకూడదని కాదు. లోపలికి టార్చ్ వేసి చూస్తే పోత పోసినప్పటి మట్టి గట్టిపడి అక్కడక్కడా అంటుకుని కనిపిస్తుంది. లోపలి గోడ మరీ నున్నగా, అచ్చులోంచి ఊడి వచ్చినట్టుంటే, పక్కల నుంచి కిందిదాకా సన్నటి గీత సాగితే, అది మైనం పోత (మైనపు బొమ్మ మీద మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోయడం) కాదు. రెండు అర అచ్చులు కలిపి చేసింది.

తర్వాత అరుగుదల. నిజంగా చేతులు తాకిన విగ్రహం ఒక్కోచోట ఒక్కోలా అరుగుతుంది. మోకాళ్ళు, ముక్కు కొన, కుడి చేతి వేళ్ళు మెరుస్తాయి. చెవి వెనక, చంక కింద, తామర రేకుల సందుల్లో నల్లటి మకిలి గట్టిగా పట్టి ఉంటుంది. నకిలీలో ఇది తారుమారుగా ఉంటుంది. చెయ్యి చేరని సందుల్లోనూ అరుగుదల, పైకి ఉబ్బిన చోట్ల కూడా అదే నలుపు. తడిపిన దూదితో అడుగున గట్టిగా రుద్ది చూడండి. పచ్చగానో, నల్లగానో రంగు దూదికి అంటితే ఆ పాతదనం నిన్నమొన్న పూసింది. షాపతను రుద్దనివ్వకపోతే అదీ ఒక జవాబే.

లేత ఆకుపచ్చ పొడి మచ్చలు మచ్చలుగా రాలుతూ, తుడిచినా మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఆ లోహంలో ఉప్పు చేరి లోపలి నుంచి తింటోందని అర్థం. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఇది ఆగదు. అలాంటిది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. కొయ్య విగ్రహమైతే కింద తెల్ల కాగితం పరిచి మెల్లగా తట్టండి. సన్నటి పిండి కొత్తగా రాలితే పురుగు బతికే ఉంది, దాన్ని ఇంట్లోకి తెస్తే మీ తలుపులకూ పాకుతుంది. దంతం విగ్రహం అని ఎవరైనా చూపిస్తే ముట్టుకోకుండా వచ్చేయండి. ఆ వ్యాపారం మన దేశంలో నిషిద్ధం.

తల మాత్రమేనా, పూర్తి విగ్రహమా

అలంకరణ షాపుల్లో అన్నిటికన్నా ఎక్కువగా పెట్టేది బుద్ధుడి తల. కింద నల్లటి చెక్క దిమ్మ, మధ్యలో ఇనుప కడ్డీ, దానిమీద మూసిన కళ్ళతో ముఖం. ఈ డిజైన్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? పూర్తి రాతి విగ్రహం టన్నుల బరువు ఉంటుంది కాబట్టి దొంగలు తల కోసుకుపోయేవాళ్ళు. కంబోడియా గుళ్ళు, థాయ్‌లాండ్ అయుత్తయ, చైనా తియాన్‌లోంగ్‌షాన్ గుహలు, అన్నిచోట్లా ఇదే కథ. ఆ తలలు పాశ్చాత్య మ్యూజియంలకూ ధనవంతుల ఇళ్ళకూ చేరాయి. నిలబెట్టడానికి కింద మెడ లేదు కాబట్టి కడ్డీ, దిమ్మ పెట్టారు. ఇప్పుడు ఫ్యాక్టరీలో రెసిన్‌తో పోసే తల కూడా ఆ కడ్డీతో సహా తయారవుతోంది. జావాలోని బోరోబుదూర్‌లో 504 బుద్ధ విగ్రహాలుంటే మూడొందలకు పైగా దెబ్బతిన్నాయి, ఎక్కువ వాటికి తలలు లేవు. అది ఒకసారి చూసినవాళ్ళకు డ్రాయింగ్ రూములో తల పెట్టుకోబుద్ధి కాదు.

అన్ని తలలూ అలా కోసినవి కావు, అది కూడా చెప్పాలి. తక్షశిల, హడ్డా ప్రాంతాల గచ్చు తలలు చాలావరకు వాటంతటవే మిగిలాయి. ఒళ్ళు మట్టితో, రాళ్ళ ముక్కలతో కట్టడం వల్ల అది కరిగిపోయింది, గట్టి గచ్చుతో చేసిన తల నిలిచింది. కానీ అవి పదిహేను వందల ఏళ్ళ పైబడినవి, కాబట్టి పైన చెప్పిన చట్టం చిక్కులన్నీ వీటికీ ఉంటాయి. ఇక కంబోడియా బాయన్ గోపురాల మీద ముఖాలే ఉన్నాయి కదా అనేవాళ్ళున్నారు. అవి కోసిన ముఖాలు కావు, గోడతో పాటే కట్టినవి.

మనం ఉంటున్న చోట కూడా దీన్ని పట్టించుకోవాల్సిన కారణం ఉంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేడ్కర్ బౌద్ధం తీసుకున్నాక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఇళ్ళలో బుద్ధుడు నిత్యం వందనం అందుకునే గురువు. అలాంటి స్నేహితుడు మీ ఇంటికొచ్చినప్పుడు చెప్పుల స్టాండ్ మీద, బార్ కౌంటర్ పక్కన బుద్ధుడి తల కనిపిస్తే బయటికేమీ అనకపోవచ్చు, మనసుకు మాత్రం తగులుతుంది. థాయ్‌లాండ్‌లో అయితే బుద్ధుణ్ణి అలంకరణ వస్తువుగా వాడొద్దని హోర్డింగులే పెట్టారు. అయుత్తయలో చెట్టు వేళ్ళ మధ్య ఇరుక్కున్న తల దగ్గర ఫొటో దిగాలంటే దానికన్నా ఎత్తుగా ఉండకుండా కింద కూర్చోమంటారు.

కాబట్టి స్థలం తక్కువైనా సరే, రెండడుగుల తల కన్నా ఎనిమిది అంగుళాల పూర్తి విగ్రహమే నా ఓటు. ముఖమే కావాలనుకుంటే గోడకు పెట్టే ఉబ్బెత్తు ఫలకం ఎంచుకోండి.

కొత్తది చేయించుకోవడం

ఇక్కడ మన దగ్గర ఉన్నంత సౌకర్యం చాలామందికి లేదు. పల్నాడు జిల్లాలో మాచర్ల దగ్గరి దుర్గి శిల్పులు చెక్కేది పల్నాటి సున్నపురాయి. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలకు వాడిందీ ఈ ప్రాంతపు సున్నపురాయే. దుర్గి శిల్పకళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఈ రాయి గ్రానైట్ అంత మొండిది కాదు, ఉలికి లొంగుతుంది, అందుకే దుస్తుల మడతలు, వేళ్ళ సందులు సున్నితంగా వస్తాయి. లేత బూడిద, కాస్త ఆకుపచ్చ కలిసిన రంగు. తెల్ల గోడ ముందు పెడితే పాలరాయిలా కొట్టొచ్చినట్టుండదు, గదిలో కలిసిపోతుంది.

చెక్కించేటప్పుడు "ఒక మంచి బుద్ధుడు" అని చెప్పి అడ్వాన్స్ ఇచ్చి వచ్చేయకండి. ఏ శిల్పం కావాలో మ్యూజియం ఫొటో పట్టుకెళ్ళండి, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. అమరావతి పద్ధతిలో నిలుచున్న బుద్ధుడైతే కుడి భుజం మీద వస్త్రం ఉండదు, కుడి చెయ్యి అభయంలో ఉంటుంది, ఎడమ చెయ్యి వస్త్రాన్ని పట్టుకుంటుంది, పాదాల దగ్గర వస్త్రపు అంచు లావుగా చుట్ట తిరిగినట్టు ఉంటుంది. ఈ అంచును బట్టే వియత్నాం, ఇండోనేసియాల్లో దొరికిన కంచు బుద్ధుల్లో ఆంధ్ర ప్రభావాన్ని గుర్తుపడతారు. రోజూ దేవుడి విగ్రహాలు చెక్కే చేతికి తెలియకుండానే పెద్ద కళ్ళు తెరుచుకుంటాయి. ఇక్కడ రెప్పలు సగం వాలి ఉండాలి. ముఖం చెక్కే దశలో ఫోటో పంపమని ముందే మాట్లాడుకోండి. రాతిలో తీసేసిన దాన్ని మళ్ళీ పెట్టలేరు.

బయట ఆవరణలో, ఎండకు వానకు పెట్టాలంటే సున్నపురాయి వద్దు. ఆళ్ళగడ్డ శిల్పుల నల్లరాయో, గ్రానైటో నయం. కాకపోతే బరువు చూసుకోండి. ఒక ఘనపుటడుగు గ్రానైట్ దాదాపు 75 కిలోలు. రెండడుగుల ఎత్తు కూర్చున్న బుద్ధుడు పీఠంతో కలిపి నూరు కిలోలు దాటడం మామూలే. అపార్ట్‌మెంట్‌లో గోడకు కొట్టిన అల్మరా మీద అది ఆగదు, నేల మీద దిమ్మె కట్టాల్సిందే. హుస్సేన్‌సాగర్ బుద్ధుడిదీ గ్రానైటే, 350 టన్నులు, 1990లో నీట మునిగి 1992 చివర్లో గాని పైకి రాలేదు. మీది లిఫ్టులో పట్టి, లిఫ్టు మోయగలిగితే చాలు.

ఈ మధ్య కంప్యూటర్ మెషిన్ మీద చెక్కిన రాళ్ళు ఎక్కువయ్యాయి. చెంపల మీద, మడతల లోపల టార్చ్‌ను పక్క నుంచి వేస్తే ఒకే దూరంలో సన్నటి సమాంతర గీతలు కనిపిస్తాయి. అది తప్పేమీ కాదు, ధర అందుకు తగ్గట్టు తగ్గాలి, అంతే.

రాగి మీద బంగారు పూత కావాలంటే పాటన్ పనే వేరు. అక్కడ శాక్య కుటుంబాల వాళ్ళు మైనం పోతతో చేసి, పాదరసంతో కలిపిన బంగారాన్ని కాల్చి పూత పూస్తారు. ముఖానికి మాత్రం జిగురులో కలిపిన బంగారు పొడిని కుంచెతో వేస్తారు, అందుకే ముఖం మెరవకుండా మెత్తగా కనిపిస్తుంది. కరెంటు పూత వేసిన చవక రకంలో ముఖం, ఒళ్ళు, పీఠం అన్నీ ఒకేలా తళతళలాడతాయి. నేపాల్ నుంచి తెచ్చుకుంటుంటే అక్కడి పురావస్తు శాఖ సర్టిఫికెట్ షాపు ద్వారానే తీసుకోండి. థాయ్‌లాండ్ నుంచైతే మెడలో వేసుకునే చిన్న తాయెత్తులు తప్ప బుద్ధ విగ్రహం తేవాలంటే వాళ్ళ ఫైన్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ అనుమతి కావాలి.

రెసిన్, ఫైబర్ విగ్రహాల మీద నాకు పెద్ద గౌరవం లేదు. అయినా అద్దె ఇల్లు, రెండేళ్ళకోసారి బదిలీ, ఇంట్లో పిల్లలు అంటే అవే సరైనవి. ఆ డబ్బుతోనే మ్యూజియంలు అసలు శిల్పం నుంచి అచ్చు తీసి అమ్మే ప్లాస్టర్ నకలు దొరికితే ఇంకా మేలు. కనీసం ముఖం ఎవరో ఒక గొప్ప శిల్పిది.

అందరూ మరిచిపోయేది ఇంకొకటి ఉంది. అమరావతి తొలిరోజుల శిల్పాల్లో బుద్ధుడి రూపమే లేదు. ఖాళీ సింహాసనం, బోధివృక్షం, ధర్మచక్రం, చక్రం గుర్తున్న పాదాలు, ఇవే ఆయన ఉన్నట్టు లెక్క. వాటితో పాటు పూర్ణఘటం, దాన్ని ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో చూస్తున్నాం. దేవుడి గదిలో పెట్టాలా, హాల్లో పెట్టాలా, పూజ చెయ్యాలా వద్దా అని ఇంట్లో పెద్దవాళ్ళతో వాదన నడుస్తుంటే, ఈ పాదాల ఫలకమో, బోధివృక్షం ఫలకమో దుర్గిలో చెక్కించి గోడకు బిగించండి. రెండంగుళాల మందం, బరువు తక్కువ, ఎవరి మనసూ నొచ్చుకోదు. రాయి వద్దనుకుంటే పెంబర్తి ఇత్తడి రేకు పనిలో కూడా చేయించుకోవచ్చు. ఇంటికి ఏది కొనాలని నన్నడిగితే మొదట ఇదే చెబుతాను.

లాఫింగ్ బుద్ధ గురించి ఒక్క మాట. పొట్ట ముందుకొచ్చిన ఆయన బుదాయి అనే చైనా భిక్షువు, గౌతముడు కాదు. పెట్టుకోవాలంటే పెట్టుకోండి, రెండిటినీ జతగా మాత్రం పెట్టకండి.

ఎక్కడ, ఏ వెలుతురులో

వాలిన కనురెప్పల విగ్రహాన్ని కింది నుంచి చూడాలి. అప్పుడే ఆ చూపు మనమీద పడుతుంది. సోఫాలో కూర్చున్నప్పుడు మీ కళ్ళకన్నా విగ్రహం ముఖం కాస్త పైన ఉండేలా, అంటే పీఠం నేలకు మూడు, మూడున్నర అడుగుల ఎత్తులో ఉండేలా చూసుకోండి. నెత్తిన సరిగ్గా పైనుంచి లైటు వేస్తే కళ్ళ గుంటలు నల్లబడి ముఖం భయంకరంగా అవుతుంది. ఒక వైపు నుంచి ఏటవాలుగా, 2700 నుంచి 3000 కెల్విన్ పసుపు వెలుతురు చాలు. ఫలకమైతే వెలుతురు గోడను ఒరుసుకుంటూ పక్క నుంచి రావాలి. ఎదురుగా వేస్తే చెక్కడమంతా చదునుగా కనిపిస్తుంది.

దిక్కు గురించి అడిగేవాళ్ళకు: బోధివృక్షం కింద బుద్ధుడు తూర్పు ముఖంగా కూర్చున్నాడని బౌద్ధ సంప్రదాయం, బుద్ధగయ మహాబోధి ఆలయం కూడా తూర్పు ముఖమే. వాస్తు చెప్పేవాళ్ళతో పేచీ లేకుండా ఇది సరిపోతుంది. బాత్రూం గోడకు ఆనించి, పడక కాళ్ళ వైపు మాత్రం వద్దు.

తోమకండి

మన ఇళ్ళలో ఇత్తడి కనిపిస్తే చింతపండో, పీతాంబరి పొడో చేతికొస్తుంది. పండగ ముందు రోజు పనిమనిషి మంచి మనసుతో తోమి పెట్టిన పాత కంచు విగ్రహానికి ఏళ్ళ తరబడి పట్టిన రంగు ఒక్క పూటలో పోతుంది, మళ్ళీ రాదు. బంగారు పూత అయితే పూతే పోతుంది. నేపాలీ విగ్రహం ముఖం మీద జిగురు బంగారానికి తడి గుడ్డ కూడా తగలకూడదు. సున్నపురాయి, పాలరాయి పుల్లటివి తగిలితే కరుగుతాయి, కాబట్టి నిమ్మరసం, పెరుగు, నేల తుడిచే యాసిడ్ ఏదీ దరిదాపుల్లో వద్దు. మెత్తటి పొడి కుంచె, వారానికోసారి. ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి, ముఖ్యంగా పండగలకు ముందు.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు

అమెరికాలో పాత ఇళ్ళ సామాను అమ్మే చోట్ల, వేలాల్లో ఆసియా విగ్రహాలు తరచుగా వస్తాయి. అక్కడ అడగాల్సింది 1970కి ముందే అది పుట్టిన దేశం దాటి వచ్చిందనే ఆధారం. సాంస్కృతిక ఆస్తుల దొంగ రవాణాపై యునెస్కో ఒప్పందం ఆ ఏడాదిది, మ్యూజియంలు ఆ గీతనే చూస్తాయి. 2024 జులైలో భారత్, అమెరికా విడిగా ఒక సాంస్కృతిక ఆస్తి ఒప్పందం కూడా కుదుర్చుకున్నాయి, కాబట్టి భారతీయ శిల్పమైతే ఇంకా జాగ్రత్త.

ఇక్కడి నుంచి కొత్తది చెక్కించి పట్టుకెళ్ళేవాళ్ళకు ఇంకో తలనొప్పి. పని బాగుంటే కస్టమ్స్ వాళ్ళకు అది పాతదిలా కనిపిస్తుంది. పురావస్తు శాఖ దగ్గర "ఇది పురావస్తువు కాదు" అనే సర్టిఫికెట్ ముందే తీసుకోండి, ప్రయాణానికి రెండు రోజుల ముందు కాదు, టికెట్ కొన్నప్పుడే మొదలుపెట్టండి. శిల్పి ఇచ్చే బిల్లు మీద విగ్రహం ఎత్తు, రాయి పేరు, తేదీ ఉండాలి, చెక్కుతున్నప్పటి ఫొటోలు రెండు దగ్గర పెట్టుకోవాలి. పీఠం అడుగున శిల్పి పేరు, ఊరు, సంవత్సరం చెక్కమని పని మొదలవకముందే చెప్పండి.